కరెంటు పోగానే సంప్ పొంగుతోందా?

తమ్ముడూ, పర్లాకిమిడిలో కరెంటు పోయినప్పుడల్లా మీ ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు సంప్, అదే కింద నీళ్లు దిగే గదుల తొట్టి, పొంగుతోందని, పంపు గరగరమంటోందని రాశావు. మా బరంపురంలోనూ కాలబైశాఖి, అంటే వేసవి గాలివాన, వస్తే అదే టెన్షన్. అర్ధరాత్రి తుండుగుడ్డలతో నేల తుడిచినవాణ్ణే.

సంప్‌లోని పంపు నుంచి నీళ్లను పైకి ట్యాంకులోకి తెచ్చే రిటర్న్ పైపు మూతి నీళ్లలో లోతుగా ఉంటే, పంపు ఆగగానే అదే సైఫనై ట్యాంకు నీటిని వెనక్కి లాగుతుంది. నీది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అన్నావు కదా, ఒక్క అంగుళం దిగితే 14 లీటర్లు! మూతిని పైకి లేపు, నీటిమట్టానికి కాస్త కింద పైపుకు చిన్న రంధ్రం పెట్టు. గాలి దూరితే సైఫన్ తెగుతుంది. నాచు పట్టి ఆ రంధ్రం మూసుకుపోతుంది, అప్పుడప్పుడు పొడుస్తూ ఉండు. నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వును నేనైతే నమ్మను, ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు.

తర్వాత పంపు ఆపి, నీళ్లన్నీ దిగాక సంప్ అంచుకు రెండంగుళాలు తక్కువగా ఉండేలా సరిచెయ్యి. పంపు వేసి, మట్టం నిలకడయ్యాక సంప్‌లో పంపు ఉండే గదిలో మార్కర్‌తో గీత గియ్యి. అది దాటి పొయ్యకు. ఎండాకాలం ఆ గదిలోనే మట్టం తగ్గుతుంది. అప్పుడు ఆర్వో నీళ్లే పొయ్యి, ఆవిరయ్యేది ఉప్పు కాదు కదా.

ఇసుక పంపు గదిలో అసలుండకూడదు, పంపులో నీటిని తోసే చక్రం, ఇంపెల్లర్, అరిగిపోతుంది. గోపాలపూర్ బీచ్ ఇసుక తెచ్చావా? ఆ తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ అనే ఖనిజాలు కలిసి ఉంటాయి, ఛత్రపూర్ దగ్గర తవ్వేది వాటికే. తీసేసి, సంప్ మధ్య గదిలో మాత్రం అరగొనైట్ (సున్నపు ఇసుక) వెయ్యి.