పోయేటప్పుడు రక్తం చూస్తరు, వచ్చేటప్పుడు ఎవ్వరూ చూడరు

ప్రశ్న: మాది నర్సంపేట. మా తమ్ముడు ఐటీఐ చేసిండు, వెల్డింగ్ పని వస్తది. దుబాయ్ పోతా అంటుండు. గవర్నమెంటు కంపెనీ ద్వారా పంపితే భద్రమా, ఏజెంటును నమ్మొచ్చా? ఆడ ఏమన్నా అయితే ప్రభుత్వం చూసుకుంటదా?

చెల్లె, నేను 2006 నుంచి 2017 దాక దుబాయ్‌ల స్టీల్ ఫిక్సర్ పని, అంటే కట్టడాలల్ల ఇనుప రాడ్లు కట్టే పని చేసిన. మాది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. మా వాడకట్టుల పన్నెండు ఇండ్లుంటే తొమ్మిది ఇండ్లల్ల ఎవడో ఒకడు గల్ఫ్‌ల ఉన్నడు, లేకుంటే ఉండి వచ్చిండు. మీ వరంగల్ దిక్కు వీసా అంటే అమెరికా యాదికొస్తది, మా దిక్కు దుబాయ్, మస్కట్, సౌదీ యాదికొస్తయి. అందుకే నర్సంపేట నుంచి ఈ ప్రశ్న రాంగనే రాయబుద్ధైంది.

గవర్నమెంటు కంపెనీ అంటే టామ్‌కామ్. తెలంగాణ ప్రభుత్వానిదే, హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐల ఉంటది ఆఫీసు. దాంట్లకెల్లి పోతే దొంగ వీసా భయం ఉండది. మీ తమ్ముని పేరు ముందుగాల అండ్ల రాయించుండ్రి. కానీ గది వచ్చేదాక ఏం చెయ్యొద్దని కూసోకుండ్రి. మా బిడ్డ నర్సింగ్ చదువుతుంది. గసొంటి పిల్లలకు జర్మన్ భాష, జపాన్ భాష నేర్పిచ్చి మరీ పంపుతున్నరు. సంతోషమే, బిడ్డ పోతే నాకేం బాధ? కానీ మా ఊర్లకెల్లి రాడ్లు కట్టనీకి, సెంట్రింగ్ కొట్టనీకి పోయిన మొగోళ్లల్ల సర్కారు చెయ్యి పట్టుకొని పోయినోడు ఒక్కడు లేడు. అందరం ఏజెంటు ఎనుకనే.

ఏజెంటు అంటే లైసెన్సు ఉన్నోడు వేరు, జగిత్యాల బస్టాండు కాడ ఛాయ తాగిచ్చేటోడు వేరు. లైసెన్సు ఉన్నోని పేరు కేంద్రం వాళ్ల ఈ-మైగ్రేట్ సైటుల ఉంటది, చూసుకోవచ్చు. వాడు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. గంతే, రూపాయి ఎక్కువ లేదు. నేను 2006ల 80,000 కట్టిన, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి. రసీదు అడిగితే నవ్విండు. ఆ మిత్తి తీరేసరికి మా పెద్దోడు బడికి పోవుడు షురువైంది. ఎవడన్నా విజిట్ వీసా మీద పోదాం, ఆడికి పోయినంక మార్పిస్త అంటే వానికి దండం పెట్టి ఇంటికి రమ్మను మీ తమ్మున్ని.

ఇంకొక ముచ్చట ఉన్నది, ఇది చానమందికి తెల్వది. పది పాస్ కానోని పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తది. 1983 వలసల చట్టం ప్రకారం వాడు గల్ఫ్ దేశాలు కలుపుకొని 18 దేశాలకు కొలువుకు పోవాల్నంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు అనుమతి కావాలె. కంపెనీ ఏంది, జీతమెంత, ఇన్సూరెన్స్ ఉన్నదా అని ఆడ కాగితాలు చూస్తరు. మీ తమ్ముడు పది పాసై ఉంటే వాన్ని ఎవ్వరూ ఆపరు, ఎవ్వరూ అడగరు. మా ఊర్ల పిలగాండ్లు "మాది ఈసీఆర్ కాదన్నా" అని మీసం తిప్పుతరు. పది ఫెయిలైనోనికి ఉన్న పాటి రక్షణ గూడ తమకు లేదని వాళ్లకు సమజ్ కాదు.

ఇన్సూరెన్స్ పేరు ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంల చచ్చిపోయినా, కాలో చెయ్యో పోయి పనికి రాకుండైనా 10 లక్షలు. ఈసీఆర్ వాళ్లకు తప్పనిసరి, పది పాసైనోడైతే మీ తమ్ముడు తనంతట తనే అడిగి తీసుకోవాలె. తీసుకోమను, ఒక బిర్యానీ పైసలు. కానీ ప్రమాదం అన్న మాట మీద నిలబడి ఉన్నదది. గుండె ఆగితే ప్రమాదం కాదు. రాత్రి పండుకున్నోడు తెల్లారి లేవకుంటే ప్రమాదం కాదు. మా ఊరికి వచ్చిన శవపెట్టెల కాగితాల మీద ఎక్కువ శాతం ఉండేది సహజ మరణమే. నలభై ఏండ్ల మనిషి, దిటమైనోడు, సహజంగా చచ్చిపోయిండట.

నేను చెప్పాలనుకున్నది అసలు పెట్టె గురించి కాదు. పెట్టెల రానోళ్ల గురించి.

దుబాయ్‌ల కూలీలుండే సోనాపూర్ క్యాంపుల మా రూములో పన్నెండు మందిమి. అండ్ల బాల్కొండ దిక్కు పెద్దాయన ఒకాయన, అందరం కాకా అనేటోళ్లం. నాతోని సమానంగా రాడ్లు కట్టేటోడు. 2013 ఎండకాలం. పొద్దుగాల నాలుగింటికి లేచి, వంట డబ్బ కట్టుకొని, ఐదింటికి బస్సు ఎక్కాలె. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగటీలి పన్నెండున్నర నుంచి మూడింటి దాక బయట పని చేపియ్యొద్దని ఆడ రూలు. అది నిజంగనే పాటిస్తరు, అబద్ధం చెప్పొద్దు. ప్లైవుడ్ కింద నీడకు పండుకుంటుంటిమి. కానీ మూడింటికి లేచి రాడ్డు పడితే చేతికి గ్లౌజులున్నా కాలుతది.

మేము అప్పుడు పదకొండో అంతస్తుల. తాగే నీళ్ల క్యాను కింద, లెట్రిన్ ఇంకా అవతల. కిందికి దిగాల్నంటే హాయిస్టు, అంటే కట్టడం కాడి లిఫ్టు, కోసం నిలబడాలె, పోయి వచ్చేసరికి అరగంట. ఫోర్‌మన్ టైం రాసుకుంటడు. కాకా దీనికి ఉపాయం కనిపెట్టిండు. నీళ్లు తాగకుంటే ఉచ్చ రాదు, ఉచ్చ రాకుంటే దిగే పని లేదు. అర లీటరు సీసా ఒకటి నడుముకు కట్టుకొని దాంతోనే దినమంతా ఎల్లదీసేటోడు. "ఒంటె కూడా ఈ దేశముదేనాయె, నేను దానికన్న తక్కువా?" అని నవ్వేటోడు. ఉచ్చ డికాషన్ తీరుగ వస్తుందని కూడా నవ్వుకుంటనే చెప్పిండు. మేమూ నవ్వినం. మాకూ గట్లనే వచ్చేది మరి.

నడుం నొప్పికి రోజుకు రెండు గోలీలు. ఊర్లకెల్లి ఎవడు వచ్చినా రెండే తెచ్చేటోడు, మామిడికాయ తొక్కు డబ్బ, నొప్పి గోలీల షీట్లు. క్యాంపు క్లినిక్కుల ఏ రోగానికైనా పనడాలే ఇస్తరు, అందుకని మన గోలీలకు గిరాకీ. ఆ గోలీలు ఏండ్ల తరబడి మింగితే కిడ్నీ ఖరాబైతదని మాకు చెప్పినోడు లేడు. (ఇక్కడనే చెప్పి పెడుతున్న: ట్రమడాల్ ఉన్న గోలీలు, గసగసాలు సంచిల పెట్టుకొని పోతే దుబాయ్‌ల జైలుదాక పోవొచ్చు. మీ అమ్మకు చెప్పుండ్రి, మసాలా పొడిల గసగసాలు కలపొద్దని.)

ఒక శుక్రవారం ఓవర్‌టైం ఉండె. పొద్దుగాల కాకా మంచం మీద కూసొని సేఫ్టీ బూటుల కాలు పెడితే దూరలే. లేసు మొత్తం ఊడదీసిండు, అయినా దూరలే. కాలు పొంగి మడిమె దగ్గర గుంట కూడ కనిపిస్తలేదు. నేను వేలు పెట్టి ఒత్తితే ఒత్తిన కాడ సొట్ట గట్లనే ఉన్నది. మొఖం గూడ ఉబ్బిందని అప్పుడు సూసినం. రోజూ పక్క మంచం మీద పండుకునేటోన్ని, నాకు కనపడలే. ఓవర్‌టైం పోతదని ఆయన కత్తితోని బూటు ముందర భాగం చీరి కాలు జొనిపి బస్సెక్కిండు. ఆ రోజు కూడా పని చేసిండు చెల్లె.

రెండు వారాల తర్వాత ఆయాసం మొదలైంది. కంపెనీ వాళ్లు దవాఖానకు తీసుకపోయిన్రు, రక్తం తీసిన్రు, రిపోర్టు ఆయన చేతికి మాత్రం ఇయ్యలే. మూడో రోజు వీసా క్యాన్సిల్ చేసి టికెట్ ఇచ్చిన్రు. "ఇంటికి పోయి రెస్టు తీసుకో" అన్నరట. పదేండ్ల సర్వీసుకు లెక్క గట్టి ఇచ్చిన పైసలు మిత్తి అప్పులకే సరిపోయినయి. శంషాబాద్‌ల దిగినప్పుడు తన కాళ్ల మీదనే నడిచి బయటికి వచ్చిండు, ట్రాలీ తోసుకుంట. ఎవరు ఆపుతరు? పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి పొమ్మన్నరు.

నిజామాబాద్‌ల కిడ్నీ ఎట్ల ఉన్నదో చెప్పే రక్త పరీక్ష చేస్తే క్రియాటినిన్ 7.4, అంటే కిడ్నీలు ఖరాబైనట్టే. నేను సెలవుల వచ్చి చూడబోయినప్పుడు కాకా భార్య ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి ముందల పెట్టింది. అండ్ల రెండు కాగితాలు. ఒకటి నిజామాబాద్ ల్యాబుది. ఇంకొకటి దుబాయ్ పోయేముందు హైదరాబాద్‌ల చేసిన మెడికల్‌ది, మనోళ్లు గామ్కా మెడికల్ అంటరు, ఇప్పుడు వాఫిద్ అని పేరు మారింది. దాని మీద క్రియాటినిన్ 0.9 అని ఉన్నది, కింద ఫిట్ అని ముద్ర.

ఆ మెడికల్ సంగతి తెలుసా? అంగీ విప్పిచ్చి, వంగబెట్టి, ఎక్స్‌రే తీసి, టీబీ ఉన్నదా, హెచ్ఐవీ ఉన్నదా, కామెర్ల రోగం ఉన్నదా, అన్నీ చూస్తరు. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి తగ్గిపోయిన టీబీ మచ్చ ఊపిరితిత్తుల మీద ఉన్నా అన్‌ఫిట్. మా తోడల్లుడు గట్లనే మూడుసార్లు ఫీజులు కట్టి ఇంటికొచ్చిండు. ఎడ్ల అంగడిల పండ్లు పట్టి చూసినట్టు చూస్తరు. చూడనీ, కొనుక్కునేటోడు చూసుకుంటడు. మరి అమ్మినోడు, ఎద్దు తిరిగొచ్చినంక ఎట్ల ఉన్నదో చూడొద్దా?

కాకా ఇరవై రెండు నెలలు వారానికి రెండుసార్లు బస్సెక్కి నిజామాబాద్ పోయి డయాలసిస్ చేయించుకున్నడు. ఆరోగ్యశ్రీ మీద డయాలసిస్ ఉచితమే, కానీ బస్సు కిరాయి, తోడు పోయేటోని కూలి, మందులు, ఇంట్ల తిండి ఉచితం కాదు. ఎకరంనర పొలం అమ్ముడుపోయింది. 2015ల దసరాకు ముంగట పోయిండు. బాల్కొండ దగ్గర, తన ఇంట్ల, తన మంచం మీద. అందుకే ఆయన ఏ లెక్కల లేడు. ఇన్సూరెన్స్ వాళ్లకు అది ప్రమాదం కాదు. ఎంబసీకి అది గల్ఫ్ చావు కాదు. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తుంది, 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన చావులకు. మంచి పని, నేను కాదనను, చాన ఇండ్లు నిలబడ్డయి. శంషాబాద్‌ల పెట్టె దిగితే ఊరిదాక అంబులెన్సు గూడ ఉచితంగా పంపుతరు. కానీ ఆ అంబులెన్సు పండుకున్నోనికే. నడుచుకుంట వచ్చినోడు ఆటో కట్టుకోవాలె.

మొన్న మా బిడ్డ ఫోన్ల చూపించింది. పని కాడ వేడి వల్ల కిడ్నీ జబ్బు తెచ్చుకున్నోళ్లు ప్రపంచంల 2 కోట్ల 62 లక్షల మంది ఉన్నరని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024ల చెప్పిందట. నాకు ఆ లెక్క అక్కర్లేదు. నిజామాబాద్‌ల కాకా పక్క బెడ్ల మీద పండుకున్నోళ్లను అడిగిన. ఒకడు కువైట్, ఒకడు రియాద్, ఒకడు బహ్రెయిన్. అరబ్బీల తిట్లు అందరికీ ఒక్కతీరుగనే వచ్చు. ఇది వేడి రోగం, కూలి రోగం, షుగరు బీపీల మీద నెట్టి తప్పించుకుంటున్నరు. నా మాట రాసి పెట్టుకోండి.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. పోయేటప్పుడు చేసిన పరీక్షలే వచ్చేటప్పుడు మన సర్కారు చేయియ్యాలె. శంషాబాద్‌ల కాకుంటే మండలం దవాఖానల. రక్తం, ఉచ్చ, బీపీ. ఎంత ఖర్చయితది? కేరళ వాళ్లు మనకన్న ముందే తెలివికొచ్చిన్రు, బయటి దేశాలకు పోయినోళ్ల కోసం నోర్కా అని ఒక సంస్థ పెట్టుకున్నరు, తిరిగొచ్చినోళ్లకు ప్రవాసీ బోర్డు నుంచి పెన్షన్ గూడ ఇచ్చుకుంటున్నరు. మన దగ్గర ఎలక్షన్లు వస్తేనే గల్ఫ్ బోర్డు యాదికొస్తది. నాయకులు దుబాయ్ వచ్చి హోటల్ల మీటింగు పెడుతరు, క్యాంపులకెల్లి మేము బస్సుల పోయి చప్పట్లు కొడుతం. నేనూ కొట్టిన, రెండుసార్లు.

మీ తమ్ముడు పోతా అంటే ఆపకుండ్రి. నేను పోయిన, బిడ్డను చదివిచ్చిన, ఇల్లు కట్టిన. ఆడ పోయినంక హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు చేతికి ఇచ్చినంకనే కంపెనీ మాట నమ్మమను. దుబాయ్‌ల ఇప్పుడు అది కంపెనీయే చేపియ్యాలె, జీతంల కొయ్యొద్దు. నీళ్లు తాగమను, ఫోర్‌మన్ ఏమన్నా అననీ. విమానం ఎక్కే ముందు హనుమకొండల ఏదన్నా ల్యాబుల క్రియాటినిన్, బీపీ, షుగరు చూపిచ్చి ఆ కాగితం ఇంట్ల పెట్టుండ్రి. ప్రతి సెలవుకు వచ్చినప్పుడు మళ్ల చూపియ్యుండ్రి, పెండ్లిళ్ల పన్లు తర్వాత. దాన్ని ఫోన్ల ఫోటో తీసి మీ దగ్గర గూడ ఒకటి ఉంచుకోండి. వాళ్లు కాగితాలు పారేసుకుంటరు.