లీటరు లెక్క కట్టి మురిసిపోకండి

బెంగళూరు మారతహళ్లి నుంచి అమెరికాలోని డాలస్ వెళ్తున్న ఒక యువజంట అడిగారు: "అక్కడ పెట్రోలు చవకంట కదండీ! ఆఫీసుకి దూరమైనా అద్దె తక్కువున్న చోట ఇల్లు తీసుకుని, పెద్ద కారు కొనుక్కోవచ్చా? మా బాబాయి వెళ్లిన కొత్తలో గ్యాలన్ డాలరేనట."

కొనుక్కోండి, వద్దనను. ముందు ఈ లెక్క చూడండి.

గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. గ్యాలన్ 3 డాలర్లుంటే లీటరు 80 సెంట్ల లోపే, అంటే మన డబ్బుల్లో 70 రూపాయల చుట్టుపక్కల. కర్ణాటక 2024 జూన్‌లో అమ్మకం పన్ను పెంచాక బెంగళూరులో లీటరు 102 రూపాయలు దాటింది కాబట్టి అక్కడ చవకే. కానీ డాలస్ శివార్లలో పాలు తేవాలన్నా కారు తీయాల్సిందే. లీటరు ధర తగ్గినా లీటర్లు పెరుగుతాయి.

బాబాయి గారి మాట నిజమే. 1999 మొదట్లో అమెరికా సగటు ధర డాలరు లోపే. నేనూ అప్పుడు డాలస్‌లోనే ఉన్నాను. ఆ చవకను నమ్ముకునే మనవాళ్లు చాలామంది పెద్ద ఎస్‌యూవీలు కొన్నారు. 2008 జూలైకి గ్యాలన్ 4 డాలర్ల 11 సెంట్లయింది. భయపడి కార్లు తెగనమ్మినవాళ్లు తేరుకునేలోపే, ఆ డిసెంబరు చివరికి 1 డాలరు 60 సెంట్ల దగ్గరికి పడిపోయింది! 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల మళ్లీ 2 డాలర్ల లోపు, 2022 జూన్‌లో 5 డాలర్ల పైన.

మనకి ఈ ఊగిసలాట అలవాటు లేదు. డాలస్ ఉన్న టెక్సస్‌లో గ్యాలన్ మీద పన్ను కేంద్రానికి 18.4 సెంట్లు, రాష్ట్రానికి 20 సెంట్లు. రెండూ 1990ల నుంచీ అంతే. పన్ను తక్కువ కాబట్టి ముడిచమురు ఎటు పోతే బంకు బోర్డూ అటే పోతుంది. మన దగ్గర 2020లో ముడిచమురు కుప్పకూలినప్పుడు కేంద్రం ఒక్క మే నెలలోనే పెట్రోలు మీద లీటరుకి 10 రూపాయల సుంకం పెంచింది. తగ్గాల్సినది మన జేబుదాకా రాలేదు.

ఇంకో మాట. పాతకాలమంతా చవకేననుకోకండి. డెబ్బైలలో వెళ్లిన మన డాక్టర్లు 1973 అరబ్బు దేశాల ఆంక్షల తరువాతి క్యూల గురించి ఇప్పటికీ చెప్తుంటారు. కారు నంబరు సరి అయితే ఒకరోజు, బేసి అయితే ఒకరోజు పోసేవారట. గ్యాలన్ 40 సెంట్ల లోపునుంచి 50 సెంట్లు దాటింది. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, 1981లో ఉన్న 1 డాలరు 30 సెంట్ల పైచిలుకుని ఇప్పటి డాలర్లలోకి మారిస్తే 4 పైనే తేలుతుంది.

ఇక మీ సంగతి. ఆఫీసు 25 మైళ్లు, రానూపోనూ 50 అనుకుందాం. గ్యాలన్‌కి 25 మైళ్లిచ్చే కారైతే 22 పనిరోజులకి 44 గ్యాలన్లు. 3 డాలర్ల చొప్పున 132, 5 డాలర్లయితే 220. గ్యాలన్‌కి 15 మైళ్లే ఇచ్చే పెద్ద బండికి 3 డాలర్ల ధరలోనే 220 అవుతుంది, 5 అయితే 366 దాటుతుంది. ఇంటి అద్దెలో మిగిలేది ఇంతకంటే ఎక్కువుంటేనే దూరం వెళ్లండి. లెక్క మాత్రం 5 డాలర్లతోనే వేయండి. మీరు దిగిన రోజు బోర్డు మీదున్న ధర మూణ్ణెల్లకి ఉంటుందన్న నమ్మకం లేదు.

అనంతపురం వెళ్లేటప్పుడు, ఆంధ్రాలో ధర ఎక్కువని, సరిహద్దుకి ముందే బాగేపల్లిలో ట్యాంకు నింపుకునే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. అక్కడా అంతే. కాలిఫోర్నియాలో ధర ఎక్కువ కాబట్టి అటు కారులో వెళ్తే ముందే అరిజోనాలో నింపుకోండి.

బంకులో పోసేవాళ్లెవరూ ఉండరు, మీరే పోసుకోవాలి. కొత్తలో మన ఇండియా కార్డు పెడితే జిప్ కోడ్ అడిగి తిప్పికొట్టవచ్చు. టెన్షన్ పడకుండా లోపలికెళ్లి, పంపు నంబరు చెప్పి 40 డాలర్లు ముందే కట్టేయండి. మిగిలితే తిరిగిస్తారు. పంపు మీద కనిపించే 87, 93 అన్నవి పెట్రోలు రకాన్ని చెప్పే ఆక్టేన్ అంకెలు; మామూలు కారుకి 87 చాలు, 93 దండగ. పచ్చ పిడి ఉన్నది చాలా చోట్ల డీజిల్, దాని జోలికి పోకండి.