కొటియా ఊళ్లు ఎవరివి? అక్కడివాళ్లు మోసగాళ్లంటే మాత్రం నేనొప్పుకోను

"కొటియా గ్రామాలు ఆంధ్రవా, ఒడిశావా? అక్కడివాళ్లు రెండు రాష్ట్రాల పథకాలూ వాడుకోవడం మోసం కాదా?" అని అడిగారు. మాది సాలూరు. మా నాన్న ఉప్పు, ఎండుచేపలు కావిడేసుకుని ఆ కొండల మీది సంతలకి ఎక్కేవాడు. నేను వ్యాన్లో దుప్పట్లు, స్టీలు సామాన్లు పట్టుకెళ్తాను. టీవీలో కూర్చుని వాదించేవాళ్ల కంటే ఈ సంగతి నాకే బాగా తెలుసు.

మొదటి ప్రశ్న తొందరగా తెమిల్చేస్తాను. గొడవంతా 21 ఊళ్ల మీద. మన కాగితాల్లో అవి సాలూరు మండలం, వాళ్ల కాగితాల్లో కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ తగువే లేదు. కొరాపుట్ కొండలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. విడగొట్టినప్పుడు ఈ ఊళ్ల దగ్గర సరిగా సర్వే చేసి రాళ్లు పాతలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఇది మేం తేల్చేది కాదు, పార్లమెంటే తేల్చాలి, అప్పటిదాకా ఎక్కడివాళ్లక్కడ ఉండండని 2006లో కోర్టు చెప్పేసింది. 2021లో మనవాళ్లు మూడు చోట్ల పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టు మెట్లెక్కింది. అంతే, ఇప్పటికీ తేలలేదు.

మన వైపు లెక్కే చూడండి. సాలూరు 1950లో విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లాలోకి పోయింది, 1979లో విజయనగరంలోకి వచ్చింది, 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. కొండ మీదివాళ్లు మాత్రం అదే గెడ్డలో నీళ్లు తెచ్చుకుంటూ, అదే పోడులో చోళ్లు, సామలు, పసుపు పండించుకుంటూ ఉన్నారు.

నాకు ఒళ్లు మండేది ఇంకో విషయానికి. భాషని చూసి కదా ఒడిశాని వేరు చేసింది! ఈ కొండల్లో చాలా ఇళ్లల్లో మాట్లాడేది కువి. అది ద్రావిడ భాష, తెలుగుకి దగ్గర చుట్టమే, కానీ తెలుగు కాదు, ఒడియా అంతకంటే కాదు. సంతలో నాతో తెలుగులో బేరమాడిన మనిషే పక్కకి తిరిగి పొట్టంగి వ్యాపారితో ఒడియా అందుకుంటాడు. ఆ గీత గీసినవాళ్ల లెక్కలో కువి మాట్లాడేవాళ్లు లేనే లేరు.

మొన్న వానాకాలంలో ఒక ముసలమ్మ దుప్పటి బేరం చేసి, డబ్బులు తియ్యడానికి చెంగుముడి విప్పింది. నోట్లతోపాటు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన రెండు కార్డులు బయటపడ్డాయి, ఒకటి తెలుగు, ఒకటి ఒడియా. "బాబూ, ఇందులో ఏం రాసేరో సదివి సెప్పు" అని రెండూ నా చేతిలో పెట్టింది. తెలుగుది నేను చదివాను, ఒడియాది పక్క దుకాణం కుర్రాడు చదివాడు. పేర్లు కలవలేదు, ఇంటిపేరు ఒకదాంట్లో ఉంది, రెండోదాంట్లో లేదు. వయసులో ఏడేళ్ల తేడా. ఆమె అడిగింది పింఛను గురించి కాదు. మనవడు కింద మన ఆశ్రమ పాఠశాలలో పది పాసయ్యాడు, చిన్న తరగతులు ఒడియా బడిలో చదివాడు. ఆధార్ మనిషికి ఒక్కటే కదా, అతనిది ఒడిశా చిరునామాతో ఉంది. ఎస్టీ సర్టిఫికెట్టుకి వెళ్తే ఇక్కడ అక్కడికి పొమ్మన్నారు, అక్కడ ఇక్కడికి పొమ్మన్నారు. ఒక రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ పక్క రాష్ట్రంలో రిజర్వేషన్‌కి చెల్లదు. "ఒట్టుకెళ్లి ఎవులికి సూపించాల?" అంది. నా దగ్గర జవాబు లేదు.

దీన్నా మీరు మోసం అంటున్నారు? మనవాళ్లు పింఛను ఒకటో తారీకున ఇస్తారు, ఒడిశావాళ్లు పదిహేనున. ఆ రెండు తేదీల తర్వాత వచ్చే సంతలో దుప్పట్లు బాగా పోతాయి, కాదనను. కానీ కార్డులు వాళ్లు దొంగతనంగా రాయించుకున్నవి కావు. రెండు ప్రభుత్వాలూ మీరు మావాళ్లు అని గుమ్మంలోకొచ్చి రాసిచ్చాయి. 2024 మే 13న ఒకే రోజు అరకు ఎంపీ సీటుకీ, కొరాపుట్ ఎంపీ సీటుకీ పోలింగ్ పెట్టి, రెండు వైపులవాళ్లూ ఓట్లడిగారు. ఆవేళ మోసం అన్నవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

మన చానెళ్లకైతే మంత్రి ఎవరైనా ఎక్కినప్పుడే కొటియా గుర్తొస్తుంది. మాంగనీసు ఉంది, గ్రాఫైటు ఉంది అంటూ ఊదరగొడతారు. వానొస్తే గెడ్డ దాటలేక గర్భిణిని డోలీలో మోసుకురావడం గురించి అరనిమిషం చెప్పరు.

సరిహద్దు పార్లమెంటు ఎప్పుడు తేల్చినా సరే. ఈలోగా ఇద్దరు కలెక్టర్లు ఒక బల్ల దగ్గర కూర్చుని, ఆ 21 ఊళ్లలో మనిషికి ఒకే పేరు, ఒకే వయసు రాసి, ఎవరు సర్టిఫికెట్ ఇచ్చినా రెండో చోట చెల్లుతుందని పైనుంచి ఉత్తర్వు తెప్పించాలి. దానికి ఏ రాయీ కదపక్కర్లేదు. ఆ కుర్రాడు ఐటీఐలో చేరదామనుకున్నాడు. ఈ ఏడు సీట్లు నిండిపోయాయి, ఇప్పుడు జీపు మీద క్లీనర్‌గా వెళ్తున్నాడు.