రీప్లేస్ నొక్కేశాను, నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలు పోయాయి

ప్రశ్న: నాన్నగారి షష్టిపూర్తికి మా కెమెరాతోనే 400 పైన ఫొటోలు తీశాం సార్. కంప్యూటర్‌లో డీ డ్రైవ్‌లోకి ఎక్కించేసి కార్డు ఫార్మాట్ కొట్టేశా. మొన్న చెల్లి గృహప్రవేశం ఫొటోలు కూడా అదే ఫోల్డర్‌లో పడేస్తుంటే ఈ పేర్లతో ఫైళ్లు ఆల్రెడీ ఉన్నాయని ఏదో అడిగింది, హడావిడిలో రీప్లేస్ నొక్కేశా. ఇప్పుడు మొదటి 150 ఫొటోల్లో నాన్నగారి బదులు చెల్లి వాళ్ల ఇల్లు కనిపిస్తోంది. రీసైకిల్ బిన్‌లో లేవు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఇంట్లో చెప్పే సంగతి తర్వాత, ముందు ఆ డీ డ్రైవ్ జోలికి వెళ్లకండి. ఏదీ కాపీ చేయొద్దు, డౌన్‌లోడ్ పెట్టొద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా అందులో ఎక్కించొద్దు, చాలామంది సరిగ్గా ఇక్కడే ఉన్న కాస్త ఆశా చెడగొట్టుకుంటారు. రీసైకిల్ బిన్‌కి డిలీట్ చేసినవే వెళ్తాయి, రీప్లేస్ అయినవి వెళ్లవు.

పేరు మీద పేరు పడినంత మాత్రాన డేటా మీద డేటా పడిందని కాదండీ. పాత ఫైలు జాగా ఇక ఖాళీ అని విండోస్ రాసుకుని కొత్తదానికి ఎక్కడో చోటు చూపిస్తుంది, అది పాత చోటే కావచ్చు, డిస్క్‌లో ఇంకో మూల కావచ్చు. ఇంకో మూలైతే మీ నాన్నగారు పీటల మీద అలాగే కూర్చుని ఉన్నట్టు. పాత చోటే పడితే మాత్రం ఆ ఫొటో పోయినట్టే, ల్యాబ్‌కిస్తే కింద పొర తీస్తాం అని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. పాత కాపీలు దాచిపెట్టే ఫైల్ హిస్టరీని ఈ ఫోల్డర్‌కి కూడా ముందే ఆన్ చేసుంటే అక్కడే పని అయిపోతుంది, మనలో ఎవరూ ఆన్ చెయ్యరనుకోండి. లేకపోతే ఫొటోరెక్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టి అక్కణ్ణుంచే నడపొచ్చు, దొరికినవి కూడా వేరే డిస్క్‌లోకే సేవ్ అయ్యేలా పెట్టండి. అది ఫైలు పేర్లు చూడదు, జేపెగ్ ఫైలు మొదట్లో ఉండే గుర్తు పట్టుకుని డిస్క్ మొత్తం జల్లెడ పడుతుంది, అందుకే గంటలు పడుతుంది, వచ్చినవాటికి ఎఫ్ అక్షరం పక్కన ఏవో అంకెల పేర్లుంటాయి, ఎప్పుడో చెరిపేసిన పనికిరాని బొమ్మలు కూడా వేలల్లో లేచొస్తాయి. కంగారు పడకుండా డేట్ టేకెన్, అంటే ఫొటో తీసిన తేదీ ప్రకారం సార్ట్ చేస్తే షష్టిపూర్తి రోజువి ఒక్కచోటికి చేరతాయి. కొన్ని సగం దాకా వచ్చి కింద బూడిద రంగు అయిపోతాయి, అంటే ఆ ముక్క మీద వేరేది పడిందన్నమాట. ఇదంతా డీ డ్రైవ్ మామూలు హార్డ్ డిస్క్ అయితేనే. తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లతో నడిచే ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ అనేదొకటి ఖాళీ అయిన జాగాని వెంటనే తుడిపించేస్తుంది, పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఇక కార్డు సంగతి. ఫార్మాట్ కొట్టినా అందులో పాత ఫొటోలు చాలావరకు అలాగే ఉంటాయి, కానీ మీ విషయంలో ఒక చిక్కుంది. ఫార్మాట్ అయ్యాక కెమెరా సాధారణంగా కార్డు మొదటి నుంచే రాసుకుంటూ వస్తుంది కాబట్టి గృహప్రవేశం ఫొటోలు అక్కడ కూడా ఆ మొదటి 150 మీదే కూర్చుని ఉంటాయి, అంటే మీక్కావలసినవే రెండు చోట్లా దెబ్బతిన్నాయి. అయినా ఫొటోరెక్ కార్డు మీద కూడా ఒకసారి నడపండి, ఆ రోజు రెండో కార్డు వాడి ఉంటే దాన్ని అస్సలు వదలకండి. అసలు ఒకే పేర్లు ఎందుకొచ్చాయంటే కెమెరాలో ఫైల్ నంబరింగ్ రీసెట్‌లో ఉండి ఉంటుంది, అంటే కార్డు ఖాళీ అయిన ప్రతిసారీ అంకెలు మళ్లీ మొదటి నుంచి వస్తాయి, కంటిన్యువస్‌కి మార్చేయండి, 9999 దాకా పేరు రిపీట్ కాదు.

ప్రశ్న: గ్రూప్ ఫొటోలోంచి తాతయ్యని ఒక్కణ్ణే క్రాప్ చేసి అదే పేరుతో సేవ్ కొట్టేశా, పక్కనున్నవాళ్లు తిరిగొస్తారా?
(ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ఎవరికైనా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపి ఉంటే అది ఒరిజినలే, ముందు అది అడగండి. లేదంటే పైన చెప్పిన జల్లెడే. అదీ కుదరకపోతే జేపెగ్ లోపల కెమెరా దాచిపెట్టే బుల్లి బొమ్మ ఒకటుంటుంది, కొన్ని ఎడిటర్లు దాన్ని మార్చడం మర్చిపోతాయి, ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీయొచ్చు. సైజు సాధారణంగా 160 బై 120 పిక్సెళ్లే, ప్రింట్‌కి పనికిరాదు గానీ తాతయ్య పక్కన ఎవరు నిలబడ్డారో మాత్రం పోల్చుకోవచ్చు.