కొత్త సెక్రటరీకి పెద్దమ్మ ఉత్తరం

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ పాస్టరేట్, అంటే మీ పాస్టరు గారి కింద ఉన్న సంఘాల, స్త్రీల సమాజానికి నిన్ను సెక్రటరీగా ఎన్నుకున్నారని మీ అమ్మ చెప్పింది. "వద్దన్నా వినలేదు పెద్దమ్మా, నలుగురిలో నిలబడి మాట్లాడాలంటేనే టెన్షన్" అని నువ్వు పెట్టిన మెసేజీ చూశాను. ఫోన్లో చెబితే సగం నేను మర్చిపోతాను, సగం నువ్వు మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

మాట్లాడటం గురించి బెంగ పెట్టుకోకు. 1876లో ఇంగ్లండులో మదర్స్ యూనియన్ మొదలుపెట్టిన మేరీ సమ్నర్ గారు ఒక పాస్టరు గారి భార్య. ఊళ్ళో తల్లులందరినీ ఇంటికి పిలిచి, తీరా వాళ్ళొచ్చి కూర్చున్నాక నోరు పెగలక, వచ్చే వారం రండమ్మా అని పంపేశారట. ఆ వచ్చే వారం మాట్లాడారు. ఆ సంఘమే దేశదేశాలకు పాకింది. కాబట్టి మొదటి నెల నువ్వు హాజరు పిలిచి, మినిట్స్ చదివి కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. జీతం లేని మనిషి మీద నీకు అజమాయిషీ ఉండదు. రాకపోతే అడగలేవు, వచ్చి కూర్చుంటే లేపలేవు. అలాంటి మనిషిని పనిలో నిలబెట్టేవి రెండే: తన చేతనైనంత పని తన పేరున ఉండటం, తనిచ్చిన పైసా ఎటు పోయిందో తనకు తెలియడం. బ్యానర్లు, శాలువాలు, వార్షికోత్సవానికి అందరికీ ఒకే రంగు చీరలు ఉన్నా లేకపోయినా ఒకటే. నిజానికి చీరల సంగతి వస్తే వద్దనే చెప్పు. కొనుక్కోలేని ఆమె ఆ రోజు తలనొప్పి అని ఇంట్లో ఉండిపోతుంది.

పిడికెడు బియ్యం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే నువ్వు వచ్చీ రాగానే "అదంతా ఎందుకు, నెలకు వంద రూపాయలు పెట్టేద్దాం" అనే వాళ్ళుంటారు. ఎసట్లో పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, ఆదివారం దాన్ని గుడికి తేవడం మన పాత అలవాటు. అజరయ్య గారు డోర్నకల్‌కు బిషప్పుగా వచ్చేనాటికి, అంటే 1912 డిసెంబరులో, సంఘాల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునే మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు. చేతిలో నోటు ఆడేది కాదు. గింజలు, కోడిపెట్టలు, కోత పండుగలో వడ్లు, ఇవే కానుకలు. పై దేశపు డబ్బు మీద బతికే సంఘం ఎదగదని ఆయన పట్టుబట్టారు. ఆ పట్టుదలకు వంటింట్లో చెయ్యి కలిపింది ఆడవాళ్ళే.

ఇప్పుడు కుక్కర్లు వచ్చాయి, గ్లాసుతో కొలుస్తున్నాం. కొందరు శనివారం రాత్రి గుర్తొచ్చి కొట్లో అరకిలో కొనుక్కొస్తారు. ఫరవాలేదు, తెచ్చుకోనీ. చందా మాత్రం చేయకు. చందా పెడితే వంద ఇచ్చినామె, ఇవ్వలేనామె అని రెండు వరసలు పడతాయి. పిడికెడుకి ఆ తేడా లేదు.

బుట్ట దగ్గర మాత్రం కొంచెం కనిపెట్టి ఉండు. సోనామసూరి తెచ్చినామె సంచి, రేషన్ బియ్యం తెచ్చినామె సంచి పక్కపక్కనే కుమ్మరిస్తారు. సన్నవీ దొడ్డువీ కలిసిపోతాయి, అక్కడక్కడా నూకలు, ఒక్కోసారి పురుగు. "ఇట్లా కలిపితే కొట్టువాడు రేటు తగ్గిస్తాడు, వేరే బుట్ట పెడదాం" అని ఎవరో తెలివిగా అంటారు. లెక్కకైతే అది నిజమే. అయినా వేరే బుట్ట పెట్టవద్దు. ధర తగ్గితే తగ్గనీ, లేదా అమ్మకుండా కొలిచి ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళకు నేరుగా ఇచ్చేయండి. ఆ రేషన్ బియ్యం ఎవరు తెచ్చారని వెనక్కి తిరిగి చూడటం కూడా వద్దు.

ఇక ఇళ్ళకు వెళ్ళడం. ఇద్దరిద్దరుగా వెళ్ళండి, ఒక పెద్దామె, ఒక చిన్నామె. పెద్దామెకు ఆ ఇంటి చరిత్ర తెలుసు, చిన్నామెకు మీసేవలో ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలుసు. వితంతువు పెన్షన్ ఆగిపోయిందంటే ప్రార్థన చేసి లేచి రావడం సరిపోదు. ఆమె ఆధార్, బ్యాంకు పుస్తకం చూడాలి, పేరు ఒకదాంట్లో ఒకలా ఇంకోదాంట్లో ఇంకోలా పడిందేమో చూడాలి. మన వాళ్ళలో బాప్తిస్మం పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఒకటి ఉండేసరికి ఈ గొడవ మామూలే. మన సంఘంలో లేని వాళ్ళు, పక్క తండా వాళ్ళు అడిగినా అంతే శ్రద్ధగా చేసిపెట్టండి.

మీ వైపు మిర్చి కోతలు మొదలైతే, పత్తి ఏరే రోజులు వస్తే, సాయంత్రం ఆరింటి దాకా ఎవరూ ఇంట్లో ఉండరు. డయాసిస్, అంటే బిషప్పు గారి ఆఫీసు, పంపిన క్యాలెండరు గోడకు ఉంటే ఉండనీ, నీ క్యాలెండరు పొలాన్ని బట్టి వేసుకో. మార్చి మొదటి శుక్రవారం వచ్చే ప్రపంచ ప్రార్థన దినం మార్చడానికి లేదు. ఆ ఒక్కదాన్ని పొద్దుపోయాక పెట్టుకోండి, కూలికి వెళ్ళినవాళ్ళు కూడా వస్తారు.

ఇళ్ళకు వెళ్ళి వచ్చాక అసలు ప్రమాదం మొదలవుతుంది. దీని గురించి ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పరు. ఒకామె నీ దగ్గర ఏడుస్తుంది: కొడుకు తాగుతున్నాడనో, కూతురు పుట్టింటికి వచ్చేసిందనో. తర్వాతి వారం కూడికలో ఎవరో "ఫలానా అక్కగారి కుటుంబం గురించి భారంతో ప్రార్థిద్దాం, కొడుకు విషయంలో చాలా కన్నీళ్ళు కారుస్తున్నారు" అని మొదలుపెడతారు. కళ్ళు మూసుకుని వినేవాళ్ళందరికీ సంగతి తెలిసిపోతుంది. మామూలుగా చెబితే చాడీ అంటాం, ప్రార్థన అంశం అని చెబితే ఎవరూ ఆపరు. ఆ తల్లి మళ్ళీ గుడికి రాదు. వచ్చినా వెనక బెంచీలో కూర్చుని దీవెన కాకముందే వెళ్ళిపోతుంది. అందుకని మొదటి మీటింగులోనే ఒక నియమం పెట్టు. ఆ ఇంటివాళ్ళు స్వయంగా అడిగితేనే పేరు చెప్పాలి. లేకపోతే "కష్టంలో ఉన్న ఒక కుటుంబం కోసం" అంటే చాలు, దేవుడికి అడ్రసు చెప్పక్కర్లేదు. బియ్యం ఇస్తూ ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా ఇదే జబ్బు. డయాసిస్‌కి రిపోర్టులో ఫొటో కావాలంటే బుట్ట ఫొటో పంపండి.

ఎవరైనా పోయినప్పుడు మీరు ఎంత పనికొస్తారో అప్పుడు తెలుస్తుంది. పాస్టరు అయ్యగారికి ఫోన్ ఎవరు చేయాలి, శవపెట్టె ఎవరు చెప్పాలి, బెంచీలు, టెంటు, వచ్చినవాళ్ళకు టీ, ఆ ఇంట్లో పిల్లలకు రాత్రి అన్నం, ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేరు ముందే రాసిపెట్టుకో. చెప్పకుండా వదిలేస్తే పదిమంది టీ పెడతారు, పిల్లల్ని ఎవరూ చూడరు. చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజు, నవంబరు 2న, సమాధుల తోట శుభ్రం చేయడం యూత్‌కి అప్పగించు. ఎవరూ లేని సమాధులకు కూడా సున్నం వేయమని చెప్పు, చెప్పకపోతే వాళ్ళ తాతలవి మాత్రమే వేసి వస్తారు.

ఏది పంచినా గొడవ వస్తుంది. దుప్పట్లు పంచితే "మా వాడకు మూడే ఇచ్చారు" అంటారు. కంగారు పడకు, అపొస్తలుల కాలంలోనే ఇది వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో సరిగ్గా అందడం లేదని సణుగుడు మొదలైతే, ఏడుగురిని ఎంచి పంపకం వాళ్ళకు అప్పగించారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో ఆ ఏడు పేర్లు చూడు, అన్నీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వాళ్ళ చేతికే గరిటె ఇచ్చారన్నమాట. నువ్వూ అదే చెయ్యి. గట్టిగా అరిచిన వాడ నుంచి ఒకామెను తీసుకొచ్చి వచ్చేసారి లిస్టు ఆమె చేత రాయించు.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. ఖాతా సమాజం పేరున ఉండాలి, ఇద్దరి సంతకాలు ఉండాలి. నెలనెలా జమాఖర్చు బయటికి చదవాలి, చదువు రానివాళ్ళు ఎక్కువగా ఉన్నచోట ఇంకా నెమ్మదిగా చదవాలి. అప్పు ఎవరికీ ఇవ్వకూడదు, పాస్టరేట్ కమిటీకి కూడా. ఒకచోట (పేరెందుకులే) ఆడవాళ్ళు రెండేళ్ళు బియ్యం అమ్మి కూడబెట్టిన డబ్బు ప్రహరీ గోడ సిమెంటుకని చేబదులు తీసుకున్నారు. గోడ లేచింది, డబ్బు రాలేదు. అడిగితే "దేవుని పనికే కదమ్మా" అన్నారు. ఆ సంవత్సరం నుంచి బుట్ట సగం కూడా నిండలేదు. గోడకు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. మీటింగులో అడిగి, కానుక అని రాసి ఇవ్వండి.

అయ్యగార్లు ట్రాన్స్‌ఫర్ మీద వస్తారు, పోతారు. మీరు అక్కడే ఉంటారు. పాస్టరమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ప్రెసిడెంటు అయితే గౌరవంగా ఉండు. కొందరు రెక్కలు ముక్కలు చేసుకుంటారు, కొందరికి ఉద్యోగం ఉండి తీరదు. తీరని ఆమె మీద సణగడం న్యాయం కాదు, ఆమెను ఎవరూ అడిగి ప్రెసిడెంటు చేయలేదు. డయాసిస్ ఎలక్షన్లు దగ్గరపడితే పాపం నీకూ ఫోన్లు వస్తాయి, "మీ ఆడవాళ్ళ లిస్టు ఒకటి ఇవ్వమ్మా" అని. ఇవ్వకు. నీ ఓటు నీ ఇష్టం, సమాజం ఏ వర్గానికీ చెందదు.

ఆడవాళ్ళు టీలు పెట్టడానికి, పూలు కట్టడానికేనా అని మీ వయసు పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, మన సీఎస్ఐలో, అంటే దక్షిణ ఇండియా సంఘంలో, ఆ స్థానానికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే, మన తెలుగు మనిషే. కాబట్టి పాస్టరేట్ కమిటీలో కూర్చుని మాట్లాడటం నేర్చుకోండి. మగవాళ్ళ ఫెలోషిప్ గురించి నేనేం చెప్పను. క్రిస్మస్ ముందు మొదలవుతుంది, కొత్త సంవత్సరం ఆరాధనతో ఆగుతుంది.

ముందు చేయాల్సిన పని పాత రిజిస్టరు వెతకడం. అల్మారాలో లేకపోతే పాత కోశాధికారి గారింట్లో ఉంటుంది, రసీదు పుస్తకాలతో సహా అడిగి తెచ్చుకో. బాకీలు ఏమైనా ఉంటే మొదటి మీటింగులోనే చదివెయ్యి, తర్వాత అవి నీ మీద పడతాయి. మీ అమ్మకు, అల్లుడుగారికి నా వందనాలు చెప్పు.

మీ పెద్దమ్మ