బస్సు ద్వారా రావచ్చా?

సందేహం: ఇంగ్లీషు ‘బై’కి తెలుగులో ‘చేత’ అనాలా, ‘ద్వారా’ అనాలా? మా అమ్మాయి ‘నేను బస్సు ద్వారా బడికి వస్తాను’ అని రాస్తే టీచర్ టిక్కు పెట్టారు. అది సరైనదేనా?

సమాధానం: ఆ టిక్కు పెట్టకుండా ఉండాల్సింది. బస్సులో వస్తాం, బండి మీద వస్తాం, కాలినడకన వస్తాం. ద్వారం అంటే గుమ్మం, ‘ద్వారా’ అంటే ఆ గుమ్మం గుండా అని. నడుమ ఏదో ఉండి దాని గుండా ఒకటి చేరితేనే ఆ మాట అతుకుతుంది: కాలువ ద్వారా నీళ్లు, మధ్యవర్తి ద్వారా కబురు.

‘చేత’ అలా కాదు, అది చెయ్యి. ‘చేత వెన్నముద్ద చెంగల్వ పూదండ’ అని చిన్నప్పుడు పాడుకున్నాం కదా, అక్కడ చేత అంటే అచ్చంగా చేతిలో అనే! ఆ చెయ్యే మెల్లగా విభక్తి అయింది. పోతన గజేంద్రుడు మొసలి పట్టులో ఉండి ఏమన్నాడో చూడండి: ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై యెవ్వనియందు డిందు’. పుట్టుకకు చే, ఉనికికి లోపల, లయానికి అందు. మూడు చిన్న మాటల మీద సృష్టినంతా నిలబెట్టాడు మహానుభావుడు. పైగా ‘ఎవ్వనిచే సృష్టింపబడెను’ అనలేదు, జనించు, ఉండు, డిందు అని మామూలు క్రియలే వాడాడు. ఎన్నిసార్లు చదివినా ఆ ‘చే’ దగ్గర ఒక్క క్షణం ఆగిపోతాను.

మనం మాత్రం శిలాఫలకం మీద ‘మంత్రిగారిచే ప్రారంభించబడినది’ అని చెక్కిస్తాం. ‘మంత్రిగారు ప్రారంభించారు’ అంటే ఏం తక్కువ? ‘చేత’కు ఇప్పటికీ సొంత ఇల్లు ఉంది: మేస్త్రీ చేత గోడ కట్టించాను, పిల్లాడి చేత మందు తాగించాను. ‘అందుచేత’లో అదే కారణాన్ని చెబుతుంది.

‘బై’కి ఉన్న మిగతా అర్థాలంటారా, గడువుకు రేపటికల్లా, చోటుకు పక్కన, అంతే.

‘మెయిల్ ద్వారా పంపాను’ అంటే నాకు అభ్యంతరం లేదు, మెయిల్‌లో పంపాను అన్నా సరే. చట్టాల భాషలో, ‘ప్రారంభించబడినది’లో ఉన్న ఆ ‘బడు’ లేకుండా ప్రతిచోటా నడుస్తుందా అంటే అక్కడ నేను గట్టిగా పట్టుబట్టను. మీ అమ్మాయి నోటుబుక్కులో మాత్రం ‘బస్సులో’ అని ఆ పిల్ల చేతే దిద్దించండి.