అంగిలి చూడకుండా పంపకు తల్లీ

అమ్మా,

నీకు పళ్ళ డాక్టరుగా మన సిక్కోలు (శ్రీకాకుళం) పోస్టింగ్ వచ్చిందని విని చాలా సంతోషమేసింది. ముప్పై ఏళ్ళు ఇక్కడ పళ్ళు చూసినవాణ్ణి కాబట్టి ఒక్క విషయం చెప్తాను, పేషెంట్ ఏ పన్ను చూపించినా సరే, తల వెనక్కి వాల్పించి లైట్ వేసి అంగిలి చూడు, కట్టుడు పళ్ళ సెట్ ఉంటే తీయించి మరీ చూడు.

ఎందుకంటే మన సముద్రం పక్క పేటల్లో ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతుంది, అందుకే బయట ఎక్కడా పెద్దగా కనపడని అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనపడుద్ది. మామూలుగా కాల్చేవాళ్ళ అంగిలి తెల్లబడి ఎర్ర చుక్కలు పడితే పుస్తకాల్లో పెద్ద ప్రమాదం లేదంటారు, అడ్డపొగవాళ్ళకి మాత్రం ఆ మాట పనికిరాదు. తెలుపు మధ్యలో ఎర్రగా పచ్చిగా మచ్చ ఉన్నా, పుండు ఉన్నా వదలొద్దు. తెల్ల మచ్చ కన్నా ఎర్ర మచ్చకే ఎక్కువ భయపడు.

ఒకసారి ఒకావిడ పైపన్ను కదులుతున్నాదని వస్తే నేను పీకేసి యాంటీబయాటిక్ రాసి పంపేశాను, పక్కనే అంగిలి మీద ఎర్రగా ఉన్నది చూడనే లేదు. రెండు నెలలకి మళ్ళీ వచ్చింది, పన్ను తీసిన గుంట మానలేదు, కండ పెరిగింది, మెడలో గడ్డ కూడా తగిలింది. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది. కారణం లేకుండా కదిలే పన్ను, మానని గుంట, రెండు వారాలు దాటిన పుండు, పెదవి తిమ్మిరి, గుట్కా కుర్రాళ్ళలో మూడు వేళ్ళు పట్టని నోరు, ఇవన్నీ ఆగి చూడాల్సినవి. పదునైన పన్ను గీసుకుని పుండైతే దాన్ని నున్నగా చేసి రెండు వారాలకి రమ్మను, అప్పటికీ మానకపోతే ఇక జెల్లులు మార్చి మార్చి రాస్తూ టైం పోగొట్టకు.

చుట్ట గురించి తిట్టకు, తిడితే దాచేస్తారు, ఇంకోసారి రారు. పరీక్ష కోసం మచ్చలోంచి చిన్న ముక్క తీస్తే జబ్బు పాకిపోద్దని ఊళ్ళో అందరూ నమ్ముతారు, అది నిజం కాదని కూర్చోబెట్టి చెప్పు. అనుమానం ఉందని దాచకుండా చెప్పు, పరీక్ష అయ్యేదాకా ఖాయంగా మాత్రం అనకు.

"వైజాగ్ వెళ్ళండి" అని వదిలేస్తే వాళ్ళు వెళ్ళరమ్మా. అక్కడి కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ హాస్పిటల్), అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌కో పేరు పెట్టి లెటర్ రాయి, మచ్చ ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నాళ్ళుగా, చుట్ట ఎన్నేళ్ళుగా, మెడలో గడ్డ ఉందా లేదా. ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్ళమను, ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయింది గానీ జనానికి పాత పేరు చెప్తేనే అర్థమవుద్ది. ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్ రాసుకుని ఆశా వర్కర్‌కి కూడా చెప్పు, వారం తర్వాత నువ్వే ఫోన్ చేసి అడుగు, తోడు ఎవరూ లేరనో కూలి పోద్దనో ఆగిపోయి ఉంటారు.

నీకు అనుమానంగా ఏదైనా కనపడితే పేరు లేకుండా ఫొటో తీసి నాకు పంపు, రాత్రయినా చూస్తాను.

మీ మావయ్య